టెన్సైల్ గుడ్డకు టైటానియం పూత: గుడ్డను గుర్తుపట్టడం నుంచి చుక్క పరీక్ష దాకా

తెల్లటి టెన్సైల్ షెడ్డు, అంటే స్తంభాలు, కేబుళ్ల మధ్య గుడ్డను బిగలాగి వేసిన కప్పు, కట్టిన రెండు మూడేళ్లకే అంచుల వెంట నల్ల చారలు, మధ్యలో బూడిద మరకలు పడతాయి. అప్పుడు యజమానికి అందే మొదటి సలహా ‘నానో కోటింగ్ కొట్టించండి, వాన పడితే అదే కడుక్కుంటుంది’ అని. ఆ మాటలో నిజం ఉంది, కాకపోతే సగమే. ఆ పూతలో పని చేసేది టైటానియం డయాక్సైడ్, ఇక్కడ క్లుప్తంగా టైటానియం అంటాం. అది పని చేయాలంటే ఎండ, నీరు, వాలు మూడూ కావాలి. వాటికంటే ముఖ్యంగా, గుడ్డకూ టైటానియానికీ మధ్య ఒక అడ్డుపొర ఉండాలి. అది లేకుండా వేసిన పూత మురికిని తిన్నట్టే గుడ్డనూ తినేస్తుంది. టైటానియం పొర ఎంత మంచిదో అందరూ చెబుతారు. అడ్డుపొర గురించి అడిగేవాళ్లే తక్కువ. పూత నిలుస్తుందా పోతుందా అన్నది అక్కడే తేలుతుంది.

ఇది షెడ్డు కట్టించే ఇంజనీర్లకు, ఫ్యాబ్రికేటర్లకు, పాత షెడ్డు ఉన్న బడులకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు, ఆలయ కమిటీలకు ఉపయోగపడేలా రాసింది.

పూత ఏం చేస్తుంది, ఏం చేయదు

టైటానియం డయాక్సైడ్‌లో అనటేస్ అనే స్ఫటిక రూపం మీద 388 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాల కాంతి, అంటే ఎండలోని అతినీలలోహిత భాగం, పడగానే ఎలక్ట్రాన్లు కదులుతాయి. గాలిలోని తేమ, ఆక్సిజన్‌తో కలిసి అక్కడే రాడికల్స్, అంటే తాకినదానితో వెంటనే చర్య జరిపే చురుకైన అణుశకలాలు, పుడతాయి. పొగలోని నూనె, వాహనాల మసికి అంటుకున్న జిడ్డు, నాచు తొలిపొర లాంటి సేంద్రియ పదార్థాలను అవి మెల్లగా విడగొడతాయి. జపాన్‌లో ఫుజిషిమా, హోండా 1972లో టైటానియం డయాక్సైడ్ మీద కాంతితో నీటిని విడగొట్టినట్టు ప్రకటించడంతో ఈ శాస్త్రం ఊపందుకుంది. రెండో గుణం బయటపడింది 1997లో: ఎండ తగిలిన ఈ పొర మీద నీరు చుక్కలుగా నిలవదు, పలచని పొరలా పరుచుకుంటుంది. అలా పరుచుకున్న నీరు మురికి కిందికి దూరి దాన్ని లేపుకుపోతుంది. ఈ రెండు గుణాలనూ గుడ్డ పైకప్పుల మీదికి తెచ్చినవారిలో ఒసాకాకు చెందిన తైయో కోగ్యో ముందు వరుసలో ఉంది.

చేయలేని పని కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. మట్టి, ఇసుక, సిమెంటు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), తుప్పు, ఇవన్నీ ఖనిజాలు. వాటిని ఇలా కాంతితో పని చేసే ఏ పదార్థమూ (ఫొటోక్యాటలిస్టూ) విడగొట్టలేదు. ఆ ధూళిని గుడ్డకు పట్టి ఉంచే జిడ్డును మాత్రమే పూత తీసేస్తుంది. ధూళిని తీసుకెళ్లాల్సింది నీరే. అందుకే హైదరాబాద్ ఫ్లైఓవర్ పక్కన డీజిల్ మసి పట్టే షెడ్డు మీద ఫలితం బాగా కనిపిస్తుంది. తాండూరు, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల లాంటి సిమెంటు ప్రాంతాల్లో, విజయవాడ పక్క ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చుట్టుపక్కల ఆశ తగ్గించుకోవాలి. సిమెంటు దుమ్ము మీద మంచు పడితే గట్టి పెచ్చు కడుతుంది. పెచ్చు కింద టైటానియానికి ఎండ తగలదు, ఎండ తగలకపోతే పూత ఉన్నా లేనట్టే.

వాన సంగతీ అంతే. డిసెంబరు నుంచి మే దాకా మన రెండు రాష్ట్రాల్లో చాలాచోట్ల చెప్పుకోదగ్గ వాన ఉండదు. ఆ ఆరు నెలలూ షెడ్డు మురికిగానే ఉంటుంది, లేదా మీరే నీళ్లు కొట్టాలి. పూత లాభం ఏమిటంటే, అప్పుడు బ్రష్షు, డిటర్జెంటు అక్కర్లేకుండా వట్టి నీళ్లతో మురికి పోతుంది.

ముందు మీ గుడ్డ ఏ రకమో తేల్చుకోండి

ఈ అడుగు దాటేసి స్ప్రే గన్ పట్టుకున్న పనులు చాలావరకు చెడిపోతాయి. వీలైతే ఫ్యాబ్రికేటర్ దగ్గర రోలు లేబుల్, డేటా షీట్ అడగండి. దొరకకపోతే మిగిలిన ముక్క మీద చూడండి, షెడ్డు మీద ప్రయోగాలు వద్దు.

పివిసి పూసిన పాలియెస్టర్: మన దగ్గర పార్కింగ్ షెడ్లు, నడవాలు, బడి ఆవరణ కప్పులు దాదాపు అన్నీ ఇదే. మెత్తగా మడత పడుతుంది. బరువు చ.మీ.కు 700 నుంచి 1300 గ్రాములు. రాగి తీగను ఎర్రగా కాల్చి ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెడితే మంట ఆకుపచ్చగా మారుతుంది, క్లోరిన్ ఉందన్న గుర్తు. ఆ పొగ పీల్చకుండా ఆరుబయట చేయండి. దీనిమీద పైలక్కగా, అంటే పైన రక్షణ పొరగా, అక్రిలిక్ గానీ పివిడిఎఫ్ (ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్) గానీ ఉంటుంది. అక్రిలిక్ మాత్రమే ఉన్న చౌక రకంలో కొన్నేళ్లకు పివిసిని మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ పైకి ఊరి ఉపరితలం జిగురుగా తయారవుతుంది. ధూళి అతుక్కునేది ఆ జిగురుకే. వేలితో రుద్దితే జిగట తగిలే గుడ్డ మీద ఏ పూతా నిలవదు. డబ్బు కొత్త గుడ్డకు దాచుకోండి.

పిటిఎఫ్ఇ (టెఫ్లాన్) పూసిన గాజునార: బిరుసుగా ఉంటుంది, మడిస్తే నారలు విరుగుతాయి, కొత్తలో లేత గోధుమ రంగులో ఉండి ఎండకు తెల్లబడుతుంది. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, చెన్నై చేపాక్ స్టేడియం కప్పులు ఈ జాతివే. దీని ఉపరితల శక్తి, అంటే ద్రవాన్ని అంటించుకునే గుణం, మీటరుకు 20 మిల్లీన్యూటన్ల లోపే ఉంటుంది కాబట్టి సైటులో కొట్టిన ఏ పూతా పట్టదు. దీనికి టైటానియం కావాలంటే ఫ్యాక్టరీలోనే ఎఫ్ఇపి (టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్) పైపొరలో కణాలు కలిపి, కొలిమిలో కరిగించి పట్టించాలి. పిటిఎఫ్ఇ మీద సైటులో కొడతామని ఎవరైనా కొటేషన్ ఇస్తే అక్కడితో ఆపేయండి.

ఇటిఎఫ్ఇ ఫిల్ము (ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ పొర), సిలికోన్ పూసిన గాజునార: ఇవీ అంతే. సిలికోన్ మీద నీటి ఆధారిత ద్రావణం చేపకళ్లలా గుంటలు కట్టి విడిపోతుంది.

కాబట్టి సైటులో పూత వేయదగ్గది ఒక్కటే: పివిడిఎఫ్ లేదా మంచి అక్రిలిక్ లక్క ఉన్న, జిగట పట్టని, నూలు బయటపడని పివిసి గుడ్డ.

గుడ్డలో ఇప్పటికే టైటానియం ఉంది కదా అని కొందరు అమ్మకందార్లు అంటారు. ఉంటుంది, కానీ అది తెలుపు రంగు కోసం వాడే రూటైల్ పిగ్మెంటు. కాంతికి స్పందించకుండా దాని కణాల చుట్టూ సిలికా, అల్యూమినా తొడుగు వేస్తారు. శుభ్రపరిచే పూతకూ దీనికీ సంబంధం లేదు.

కొత్త షెడ్డా, పాత షెడ్డా

కొత్తది కడుతుంటే ఫ్యాక్టరీలో పూత వేసిన రోలే తీసుకోవడం మేలు. అక్కడ పొర మందం, ఎండబెట్టే వేడి, అడ్డుపొర అన్నీ అదుపులో ఉంటాయి. కాకపోతే కుట్టే చోట, అదే వెల్డింగ్ దగ్గర, రెండు జాగ్రత్తలు కావాలి.

పివిసి గుడ్డ అంచులను 27.12 మెగాహెర్ట్జ్ హైఫ్రీక్వెన్సీ యంత్రంతో 40 నుంచి 60 మి.మీ. వెడల్పున అతికిస్తారు. అతుకులో ఒక పక్క టైటానియం, అడ్డుపొర ఉండిపోతే కరిగిన పివిసి పివిసిని కలుసుకోదు. పైకి అతుకు బాగానే కనిపిస్తుంది, తర్వాత ఊడుతుంది. కింద పడే పలక పైముఖాన్ని అతుకు వెడల్పు మేర గీకి పూత తీసేయాలి. నూలు కనిపించేంత గీకితే బలం పోతుంది. తీసినట్టు నిర్ధారణ చుక్క పరీక్షతో చేసుకోవచ్చు, అది కింద చెబుతాం. ప్రతి రోలు మార్పుకూ, ప్రతి షిఫ్టు మొదట్లోనూ 5 సెం.మీ. వెడల్పు ముక్క అతికించి, ఆ అతుకును లాగి విడదీయడానికి ఎంత బలం కావాలో కొలిచే పీల్ పరీక్ష చేయించండి. మామూలు పివిసి గుడ్డలకు 5 సెం.మీ.కు సుమారు 100 న్యూటన్లు అడగడం పరిపాటి, మీ గుడ్డ డేటా షీటులో రాసినదాన్ని పాటించండి.

రెండోది, గీకిన పట్టీ అతుకు బయటికి 2 మి.మీ. వచ్చినా చాలు, ఏడాదికి అక్కడ పెన్సిలుతో గీసినట్టు నల్లగీత పడుతుంది. చుట్టూ గుడ్డ తెల్లగా ఉండడం వల్ల అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి గీకే యంత్రానికి గైడ్ పట్టా తప్పనిసరి.

ఫ్యాక్టరీ పూత ఉన్న గుడ్డను నేల మీద ఈడ్చకూడదు. మడతల్లో ఫోమ్ గొట్టాలు పెట్టి గుండ్రంగా మడవాలి. అడుగున గుడ్డ వంగుతుంది గానీ పైనున్న పొర దాదాపు గాజు లాంటి ఖనిజం, పదునైన మడతలో పగులుతుంది.

అమ్మేవారిని ఏం అడగాలి: టైటానియం అనటేస్ రూపమేనా, అడ్డుపొర దేనితో చేసింది, ఐఎస్ఓ 27448 నివేదిక ఉందా? ఈ పరీక్షలో నమూనాకు ఒలేయిక్ ఆమ్లం పూసి, అతినీలలోహిత దీపం కింద పెట్టి, నీటి చుక్క కోణం (చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం, నీరు పరుచుకున్న కొద్దీ తగ్గుతుంది) ఎంత వేగంగా పడిపోతుందో కొలుస్తారు. మెథిలీన్ బ్లూ రంగు విరిగే వేగానికి ఐఎస్ఓ 10678 ఉంది. ఈ నివేదికలు గాజు పలక మీద చేసినవైతే మీకు పనికిరావు, మీ గుడ్డ మీద చేసినవే చూడండి. అంతకంటే విలువైన కాగితం ఇంకొకటి: పూత వేసిన గుడ్డను యంత్రంలో ఎండా తేమా పెట్టి వయసు మళ్లించాక తన్యబలం (లాగితే తెగకుండా నిలిచే బలం) ఎంత మిగిలిందన్న నివేదిక. అడ్డుపొర పని చేస్తోందా లేదా అన్నది అందులోనే బయటపడుతుంది. అగ్నినిరోధక తరగతి పూత తర్వాత మారలేదని కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక మిగతాదంతా పాత పివిసి షెడ్డు మీద సైటులో పూత వేయడం గురించి.

అడుగు 1: షెడ్డును చదవండి

నిచ్చెన వేసి చూడాల్సినవి ఇవి. వాలు కనీసం 10 డిగ్రీలు ఉందా? నీరు నిలిచే గుంట ఎక్కడైనా ఉందా? చెట్టు కొమ్మలు, పక్క భవనం నీడ రోజులో ఎంతసేపు పడుతోంది? పూర్తి నీడలో ఉండే చోట పూత వేయించడం డబ్బు దండగ. గుడ్డ కింది ముఖం మీద వేయించడం కూడా అంతే. గుడ్డ గుండా వెలుతురు వస్తుంది గానీ అతినీలలోహిత కాంతిని పివిసి దాదాపుగా ఆపేస్తుంది. ‘కింద గాలి కూడా శుద్ధి అవుతుంది’ అని రెండు వైపులకూ బిల్లు వేస్తే ఒప్పుకోవద్దు.

గుడ్డ వదులై గాలికి రెపరెపలాడుతుంటే ముందు ఫ్యాబ్రికేటర్‌ను పిలిచి బిగింపు సరిచేయించండి. పూత వేశాక బిగిస్తే సాగుడుకు పొర పగులుతుంది, వదులుగా వదిలేస్తే రెపరెపకు పగులుతుంది.

నల్ల మచ్చలను గోటితో గీకి చూడండి. మచ్చ పైన ఉంటే కడిగితే పోతుంది. అంచు కోత దగ్గర తేమ లోపలికి పాకి, నూలు వెంట నల్లబడితే అది బూజు లోపల పెరిగిందన్నమాట. పూత దాన్ని తీయలేదు. పైగా చుట్టూ తెల్లబడ్డాక ఆ నలుపు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. యజమానికి ఈ మాట పని మొదలుపెట్టకముందే చెప్పండి.

అడుగు 2: కడగడం

సైటులో పోయే సమయంలో సగం దీనికే కేటాయించాలి. ముందు వట్టి నీళ్లతో వదులు ధూళి కొట్టేయండి. పొడి గుడ్డను బ్రష్షుతో రుద్దితే ఇసుకరేణువులు లక్కను గీరతాయి. తర్వాత తటస్థ డిటర్జెంటు, పిహెచ్ 6 నుంచి 8 మధ్యది, 1 నుంచి 2 శాతం కలిపి మెత్తటి నైలాన్ బ్రష్షుతో పైనుంచి కిందికి. ప్రెషర్ వాషర్ వాడితే 40 బార్ దాటకుండా, 40 డిగ్రీల ఫ్యాన్ నాజిల్, గుడ్డకు అర మీటరు దూరం. అతుకుల మీదికి అడ్డంగా కొట్టకూడదు, అంచు లేస్తుంది.

సిమెంటు పెచ్చు ఉంటే 2 శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణం మూలలో పరీక్షించాక, కొద్దిసేపు మాత్రమే ఉంచి బాగా కడగండి. గాల్వనైజ్డ్ కేబుళ్లు, క్లాంపుల మీద ఆ నీరు నిలవకూడదు. బ్లీచింగ్ పౌడర్, థిన్నర్, అసిటోన్ గుడ్డ మీదికి తేవద్దు.

చివరి కడుగుడు నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. బోరు నీళ్లలో టిడిఎస్ (కరిగిన లవణాలు) 800, 1000 పిపిఎం ఉండడం మన ఊళ్లలో మామూలే. ఆ నీళ్లు ఆరాక తెల్లటి సున్నపు పొర మిగులుతుంది, ప్రైమర్, అంటే ముందు కొట్టే అడ్డుపొర ద్రావణం, దాని మీద పడుతుంది గానీ గుడ్డ మీద పడదు. చివరి కడుగుడుకు ఆర్ఓ లేదా డిఎం (ఖనిజాలు తీసేసిన) నీళ్లు, 50 పిపిఎం లోపువి, చ.మీ.కు 1 లీటరు చొప్పున తెప్పించండి. చవకగా దొరికే టిడిఎస్ మీటరుతో ప్రతి డ్రమ్మూ చూడండి.

కడిగాక 24 గంటలు ఆరనివ్వండి. నల్లటి కాటన్ గుడ్డతో రుద్దితే ఏమీ అంటకూడదు. తెల్లపొడి అంటితే లక్క ఇప్పటికే చెడింది. ఆ భాగం మీద పూత వద్దు.

అడుగు 3: తడి పట్టే గుణం

పివిడిఎఫ్ ఉపరితల శక్తి తక్కువ కాబట్టి నీటి ఆధారిత ద్రావణం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. డైన్ పెన్ను (ఉపరితల శక్తిని చూపే ఇంకు పెన్ను) ఉంటే 36 నుంచి 38 రావాలి. రాకపోతే ఆల్కహాల్ ఆధారిత ప్రైమర్ ఎంచుకోవాలి. అది తక్కువ శక్తి ఉన్న ఉపరితలం మీద కూడా పరుచుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే జిడ్డు పోతుంది గానీ పివిడిఎఫ్ స్వభావం మారదు, ఆ రెంటినీ కలగలపకండి.

అడుగు 4: మూసిపెట్టడం

ఈ ద్రావణం గాలిలో తేలి కారు మీద పడితే పెయింటు మీద మచ్చ పడుతుంది, గాజు మీద పడితే పోని మసక. స్టీలు స్తంభాల పౌడర్ కోటింగ్ మీద పడితే అక్కడ అడ్డుపొర ఉండదు కాబట్టి ఎండకు రంగు పొడిగా రాలుతుంది. మాస్టులు, క్లాంపులు, పాలియెస్టర్ బెల్టులు, పక్క కిటికీలు ప్లాస్టిక్ షీటు, మాస్కింగ్ టేపుతో మూసేయండి. కింద వాహనాలు 15 మీటర్ల దూరంలో ఉండాలి.

గుడ్డ మీద నడవకూడదు. బూమ్ లిఫ్ట్ లేదా స్కాఫోల్డింగ్, పూర్తి హార్నెస్. టైటానియం డయాక్సైడ్‌ను పీల్చే ధూళిగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బి వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో, పెట్టింది. స్ప్రే చేసేవాళ్లకు పి100 తరగతి కార్ట్రిడ్జ్ మాస్కు, ఆల్కహాల్ ప్రైమర్‌తో ఉన్నప్పుడు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ కూడా కలిపినది ఇవ్వండి. చేతిరుమాలు కట్టుకుని కొట్టించకండి. ఆల్కహాల్ ప్రైమర్ కొడుతున్నంతసేపూ దగ్గర్లో వెల్డింగ్, గ్రైండింగ్ ఆపించండి.

అడుగు 5: రోజు, వేళ

గుడ్డ ఉపరితలం 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి, 40 దాటితే ఆపేయాలి. వేడి గుడ్డ మీద తుంపర పడేలోపే ఆరి, పొడిపొడిగా కూర్చుంటుంది, వేలికి రాలుతుంది. మంచు బిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే గుడ్డ కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. గాలి సెకనుకు 3 మీటర్లు, అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్ల లోపు. తర్వాత 24 గంటల్లో వాన సూచన ఉండకూడదు.

తెలంగాణలో నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనం తగ్గాక జనవరి, ఫిబ్రవరి. విశాఖ, కాకినాడ తీరంలో ఉదయపు మంచు ఆరాకే మొదలుపెట్టి, సముద్రపు గాలి ఊపందుకోకముందే ముగించాలి. కడిగాక రెండు మూడు రోజులు ఆగితే గుడ్డ మీద మళ్లీ ఉప్పు పేరుకుంటుంది. తీరంలో ఆర్ఓ కడుగుడుకీ ప్రైమర్‌కీ మధ్య ఒక్క రాత్రే గడవాలి.

అడుగు 6: అడ్డుపొర

సైటులో వాడే అడ్డుపొర సాధారణంగా సిలికా లేదా సిలికోన్ కలిపిన అక్రిలిక్ రకం. దాని సిలికా భాగం రాడికల్స్‌కు లొంగదు, అక్రిలిక్ భాగం గుడ్డను పట్టుకుంటుంది. ఆరాక మందం 1 మైక్రాన్ దగ్గర రావాలి. లెక్క ఇలా వేసుకోండి: 5 శాతం ఘనపదార్థం ఉన్న ద్రావణం చ.మీ.కు 25 గ్రాములు పడితే 1.25 గ్రాములు మిగులుతుంది, సాంద్రత 1.2 దగ్గర ఉంటే మందం సుమారు 1 మైక్రాన్.

హెచ్‌విఎల్‌పి గన్ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి పంపే స్ప్రే గన్), 0.8 నుంచి 1 మి.మీ. నాజిల్, 1.5 నుంచి 2 బార్ గాలి, 15 నుంచి 20 సెం.మీ. దూరం. ఒక చారకూ పక్క చారకూ సగం కలవాలి. రెండు పలచని పూతలు, ఒకటి నూలు నిలువు దిశలో, రెండోది అడ్డ దిశలో. ఒక్క మందపు పూత వేస్తే కారి, గుడ్డ నేత గుంటల్లో పేరుకుని, నేత మిట్టల మీద పలచబడుతుంది. తర్వాత పివిసి చెడిపోవడం మొదలయ్యేది ఆ మిట్టల మీదనే. ఆరే సమయం డబ్బా మీద రాసినదే పాటించండి, చాలావాటికి రాత్రంతా ఉంచడం క్షేమం.

అడుగు 7: టైటానియం పొర

ఇక్కడ ఎక్కువ వేస్తే ఎక్కువ పని చేస్తుందన్నది తప్పు. పొర 0.1 నుంచి 0.3 మైక్రాన్ చాలు. మందమైతే తెల్లగా పొగచూరినట్టు, లేదా ఇంద్రధనుస్సు రంగులు తేలినట్టు కనిపిస్తుంది, త్వరగా పెచ్చులుగా లేస్తుంది. 1 శాతం అనటేస్ ద్రావణం చ.మీ.కు 30 గ్రాములు కొడితే 0.3 గ్రాములు మిగులుతుంది. సన్నని రంధ్రాలున్న పొర సాంద్రత 2 అనుకుంటే మందం 0.15 మైక్రాన్. సరిగ్గా కావలసినంత.

200 చ.మీ. గుడ్డకు 6 కిలోలు, తుంపర గాలికి పోయే 30 శాతం కలుపుకుంటే దాదాపు 8.6 కిలోలు తెప్పించాలి. ఈ 200 నేల మీద కొలిచిన వైశాల్యం కాకూడదు. శంఖాకారం, జీను ఆకారం ఉన్న కప్పుల్లో గుడ్డ వైశాల్యం నేల కొలత కంటే ఎక్కువ ఉంటుంది, ఫ్యాబ్రికేటర్ కటింగ్ ప్యాటర్న్ నుంచి తీసుకోండి. డబ్బాను తూకం వేస్తూ, ప్రతి 20 చ.మీ.కు ఎంత తగ్గిందో రాసుకుంటూ పోతే మందం అదుపులో ఉంటుంది. కంటికి కనిపించని పొరను కొలవడానికి సైటులో ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

వాడేముందు డబ్బా బాగా ఊపండి. అడుగున తెల్లటి ముద్ద దిగి, ఊపినా కలవకపోతే ఆ డబ్బా తిప్పి పంపండి. కంప్రెసర్ గాలిలో నూనె వస్తే చేపకళ్లు పడతాయి, ఆయిల్ ఫిల్టర్ తప్పనిసరి.

మొత్తం షెడ్డు మీదికి వెళ్లేముందు, ఎండ బాగా తగిలే కింది అంచులో 1 మీటరు చదరం సగం మూసి, సగం మీద రెండు పొరలూ వేసి రెండు వారాలు వదిలేయండి. తర్వాతి పరీక్షలన్నీ ముందు దీనిమీదే.

అడుగు 8: పరీక్షలు

ఆరిన 24 గంటలకు: 25 మి.మీ. పారదర్శక టేపు గట్టిగా అద్ది, ఒకటిన్నర నిమిషం ఆగి, వెనక్కి మడిచి లాగండి. నల్లకాగితం మీద అంటించి చూస్తే తెల్లపొర కనిపించకూడదు. కత్తితో గళ్లు గీసే పద్ధతి గుడ్డ మీద వాడొద్దు, నూలు తెగుతుంది.

ఎండ తగిలిన వారానికి: చుక్క పరీక్ష. కొత్త పొర మీద ద్రావణపు అవశేషాలు ఉంటాయి, అవి విరిగాకే నీరు పరుచుకుంటుంది. కాబట్టి మొదటి రోజే తీర్పు చెప్పకండి. దీనికి మందుల షాపులో దొరికే ఇన్సులిన్ సిరంజి చాలు, కానీ యు-100 రకం, నారింజ మూతది తీసుకోండి. దానిలో 1 యూనిట్ 10 మైక్రోలీటర్లు. ఎర్ర మూత యు-40లో 1 యూనిట్ 25 మైక్రోలీటర్లు, లెక్క తప్పుతుంది. షెడ్డు మీద దాదాపు సమతలంగా ఉన్న చోట గానీ పక్కన ఉంచిన నమూనా ముక్క మీద గానీ 1 యూనిట్ ఆర్ఓ నీరు సూది కొనకు తెచ్చి మెల్లగా తాకించండి. పది సెకన్లాగి స్కేలుతో వ్యాసం కొలవండి, నిలువూ అడ్డం రెండూ తీసి సగటు.

చుక్క 3.4 మి.మీ. దగ్గర ఉంటే కోణం 90 డిగ్రీలు, అంటే పూత లేని పివిడిఎఫ్. 4 మి.మీ. అంటే సుమారు 70. 5.7 మి.మీ. అంటే 30 డిగ్రీలు. 6.6 మి.మీ. అంటే 20. 8.3 మి.మీ. అంటే 10. ఎండ తగిలిన వారం రెండు వారాల్లో 6.6 దాటితే పూత పని చేస్తోంది, 8 దాటితే బాగా చేస్తోంది. ముసురు పట్టిన వారం తర్వాత కోణం పెరగడం సహజం, రెండు రోజుల ఎండ తర్వాత మళ్లీ కొలవండి.

నీరు పరుచుకోవడం ఒక్కటే రుజువు కాదు, సబ్బు లాంటి పదార్థం కలిపిన నకిలీ పూత కూడా మొదట్లో పరుస్తుంది. అందుకే రంగు పరీక్ష: అక్వేరియం షాపులో దొరికే మెథిలీన్ బ్లూను లేత నీలం అయ్యేదాకా పలచన చేసి మూడు చోట్ల సమానంగా పూయండి. ఒకటి పూత మీద ఎండలో, రెండోది పూత మీదే అల్యూమినియం ఫాయిల్ కింద, మూడోది పూత లేని గుడ్డ మీద ఎండలో. ఈ రంగు ఎండకు తనంతట తానే కొంత వెలుస్తుంది కాబట్టి మూడోది లేకుండా ఈ పరీక్షకు అర్థం లేదు. మొదటిది మిగతా రెంటికంటే స్పష్టంగా ముందు వెలవాలి. పెద్ద పనుల్లో ఐఎస్ఓ 21066 రెసజూరిన్ ఇంకు వాడతారు, చురుకైన పొర మీద అది నీలం నుంచి గులాబీకి నిమిషాల్లోనే మారుతుంది.

చెడితే ఎలా కనిపిస్తుంది, ఎందుకు

ఏడాదికి నల్లగుడ్డతో రుద్దితే తెల్లపొడి: అడ్డుపొర చాలలేదు, పివిసి పొడిగా రాలుతోంది. ఇదే అన్నింటికంటే ప్రమాదం. వెంటనే మళ్లీ టైటానియం కొడితే ఇంకా చెడుతుంది. కడిగి, పొడి రాలడం ఆగిన చోట మాత్రమే కొత్త అడ్డుపొర వేసి, పైన టైటానియం వేయకుండా వదిలేయడం మంచిది.

పైభాగం తెల్లగా, కింది అంచు నల్లగా: పూత పని చేస్తోంది, దిగిన మురికి కింది అంచు దగ్గర ఆగుతోంది. అంచు కేబుల్ పాకెట్ (అంచులో కేబుల్ దూర్చే మడత) ఎత్తుగా ఉండి నీటిని ఆపుతుంటే ఇది తప్పదు. ఆ అంచును వాన వెలిసిన వెంటనే నీళ్లతో కొట్టించండి.

చారలు చారలుగా తెలుపూ బూడిదా: గన్ చారలు కలవలేదు. కోణం కొలిచి, 30 దాటిన పట్టీలను మళ్లీ పలచగా కొట్టొచ్చు.

పావురాల రెట్ట మచ్చలు పోకపోవడం: రెట్ట మందంగా ఉంటుంది, కిందికి కాంతి వెళ్లదు. నానబెట్టి చేత్తో తీయాల్సిందే.

తర్వాతి ఏళ్లు

వానల తర్వాత ఒకసారి, ఫిబ్రవరి చివర ఒకసారి వట్టి నీళ్లతో కొట్టించండి. బోరు నీళ్లు తప్పకపోతే సాయంత్రం కాకుండా ఉదయం కొట్టి, ఆఖరున ఆర్ఓ నీళ్లతో ఒక విడత. వ్యాక్స్, సిలికోన్ పాలిష్, ‘షైనర్’ ఏదీ దగ్గరికి రానివ్వద్దు. సిలికోన్ పొర పడితే దాని అవశేషంగా సిలికా మిగిలి టైటానియాన్ని శాశ్వతంగా కప్పేస్తుంది. షెడ్డు పక్కన గోడకు పెయింటు వేయించేటప్పుడు గుడ్డ మీద పట్టా కప్పించండి.

ఆరు నెలలకోసారి అయిదు నిర్ణీత చోట్ల, ప్రతిసారీ అవే చోట్ల, చుక్క వ్యాసం కొలిచి రాసిపెట్టుకోండి. కడిగి, నాలుగు రోజుల మంచి ఎండ తగిలాక కూడా 5.7 మి.మీ. దాటకపోతే టైటానియం పొర అరిగిపోయింది. నల్లగుడ్డ పరీక్షలో పొడి రాకపోతే అడ్డుపొర బాగున్నట్టే, అడుగు 2 నుంచి కడుగుడు పూర్తి చేసి, టైటానియం ఒక్కటే మళ్లీ వేయించుకోవచ్చు. పొడి వస్తే డబ్బాలు తెప్పించకుండా ఫ్యాబ్రికేటర్‌తో గుడ్డ వయసు గురించి మాట్లాడండి. 15 ఏళ్లు దాటిన పివిసి అయితే గుడ్డ మార్చే ఖర్చు లెక్క వేయించుకోవాలి.